డాక్టరు గారి అసలు సరుకు

మనుషుల డాక్టరు కాదు, ఆంప్లిఫయర్లు, హోం థియేటర్లు బాగుచేసే డాక్టరు. ఆ పేరు తనకు తానే పెట్టుకుని, వచ్చినవాడికల్లా చెప్పి చెప్పి, చివరికి వీధి చేత కూడా అనిపించుకున్నాడు. "ఏదో చిన్న వైరు ఊడినట్టుందండీ" అంటూ ఎవరైనా పెట్టె తెచ్చారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "ఊడింది వైరని తెలిసినవాళ్ళు నా దాకా ఎందుకొచ్చారు? ఇంట్లోనే తగిలించుకోలేకపోయారా?" అనేవాడు. మనిషికి ముక్కు మీదే కోపం.

పని రాదనడానికి మాత్రం లేదు. మూత తీయగానే కాలిన వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టేస్తాడు. పాటను పెద్దది చేసి స్పీకర్లకు పంపే నల్లటి ఐసీ మీద బొబ్బ లేచిందా, పగులుందా అని భూతద్దంలో చూస్తాడు. పైకి నున్నగా కనబడితే దాని కాళ్ళ మీద మీటరు పెడతాడు. కూతపెట్టకూడని చోట మీటరు కూత పెట్టిందంటే ఐసీ చచ్చినట్టే. టంకం కరిగించి పాతది లాగేస్తాడు, కొత్తది పెట్టి, దానికీ వెనకాల వేడి లాగే అల్యూమినియం దిమ్మకీ మధ్య అభ్రకం రేకు వేసి బిగిస్తాడు. ఇంత చక్కని చేతులున్న మనిషికి ఆ నోరెందుకిచ్చాడో దేవుడికే తెలియాలి.

మిగతా మెకానిక్కులంటే అతనికి పురుగులతో సమానం. వాళ్ళు వేసేవన్నీ దొంగ ఐసీలని, తను వేసేదే అసలు సరుకని కోతలు కోసేవాడు. ఎవరైనా బయట ఐసీ కొనుక్కొస్తే, గుడ్డకు రంగులు కరిగించే థిన్నరు అద్ది దాని నెత్తిన రుద్దేవాడు. అసలుదైతే అక్షరాలు చెక్కుచెదరవు. దొంగదైతే పైపూత లేచి గుడ్డ నల్లబడుతుంది. నాసిరకం దాని మీద పెద్ద ఐసీ పేరు అచ్చువేశారన్నమాట. తెచ్చినవాడి ముఖం మాడిపోవడం చూడటం డాక్టరుకు మహా సరదా. తన ఐసీలు ఒక రేకు డబ్బాలో ఉండేవి. పెద్ద బజారులో ఒక ముసలి వ్యాపారి, "ఇవి అందరికీ ఇవ్వను, మీలాంటి పనిమంతులకే" అంటూ బల్ల కింది నుంచి తీసి ఇచ్చాడు. అంత పొగిడి ఇచ్చిన సరుకును ఎవరైనా రుద్ది చూస్తారా? డాక్టరూ చూడలేదు.

ఇలాంటివాడికి ఒక బావ. అక్క మొగుడు. రేకులు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. పాటలంటే ప్రాణం, పెద్దగా పెడితే తప్ప వినబడవు. ఆయన ఆంప్లిఫయరులో ఐసీ కాలితే డాక్టరు మార్చాడు. మళ్ళీ కాలింది. అప్పుడు ఇంటినిండా చుట్టాలున్నారు. వాళ్ళందరి ముందూ డాక్టరు గొంతెత్తి, "ఐసీలేమైనా చెట్టుకు కాస్తున్నాయా బావా? చెవిటి మాలోకంలా ఆ వాల్యూం మీట చివరికంటా తిప్పితే ఏది నిలుస్తుంది?" అన్నాడు. ఏ మాటా సరిగ్గా వినబడని మనిషికి ఆ మాట మాత్రం వినబడింది. ఐసీ మళ్ళీ మార్చి ఇచ్చినా, ఆ రోజు నుంచి బావ డాక్టరు గడప తొక్కలేదు.

మూడోసారి పెట్టె, స్పీకర్లు ఆటోలో వేసుకుని అక్క ఒక్కతే వచ్చింది.

"మళ్ళీ తిప్పేశాడన్నమాట," అన్నాడు డాక్టరు.

"లేదురా. నువ్వు అన్నప్పటి నుంచి మీట సగం దాటకుండా టేపు అంటించుకున్నారు. స్పీకరుకి చెవి ఆనించి వింటున్నారు, చూడలేకపోతున్నాను. ఇంకోసారి పోతే పాటలూ వద్దు, నీ మొహమూ చూడనంటున్నారు."

"సరే సరే, పెట్టి వెళ్ళు. ఏడుపులు ఇక్కడొద్దు."

విప్పి చూస్తే ఐసీ మధ్యలో గుంట పడి ఉంది. స్పీకర్లు బాగున్నాయి, వోల్టేజీ సరిగ్గా వస్తోంది, అభ్రకం రేకు ఉండాల్సిన చోటే ఉంది. తప్పు పట్టడానికి ఇంకేమీ దొరక్క, బావను తిట్టుకుంటూ కూర్చున్నాడు.

అంతలో ఒక దర్జీ తన సెట్టు పట్టుకొచ్చాడు. ఐసీ కూడా తనే కొని తెచ్చాడు. డాక్టరు ముఖం వెలిగిపోయింది.

"మీది తర్వాత చూద్దాం. అసలు సరుకంటే ఎలా ఉంటుందో ముందు కళ్ళారా చూడండి," అని డబ్బాలోంచి తన ఐసీ తీసి, థిన్నరు గుడ్డతో రుద్దాడు. గుడ్డ నల్లబడింది. ఇంకోటి తీసి రుద్దాడు. అదీ అంతే. దర్జీ మెల్లగా ఆ గుడ్డ అందుకుని, తన ఐసీని తనే రుద్దుకున్నాడు. ఒక్క అక్షరం చెదరలేదు.

"అయితే ఇది మంచిదేనంటారా?" అని అమాయకంగా అడిగాడు.

డాక్టరు ఆ ఐసీనే దర్జీ సెట్టులో వేసి ఇచ్చాడు. దర్జీ వెళ్ళాక, బావ పెట్టెలోంచి తీసిన కాలిన ఐసీని కూడా రుద్దాడు. పూత కింద ఒక చిన్న ఐసీ పేరు బయటపడింది. ఆ పెట్టె వోల్టేజీ తట్టుకునే రకం కాదది. బావ మీట ముట్టుకోకపోయినా ఏదో ఒకరోజు కాలిపోయేదే. డాక్టరు సిగ్గుతో చచ్చిపోయాడని చెప్పాలనుంది కానీ, అంత తేలిగ్గా సిగ్గుపడే ఘటం కాదు. ముందు ముసలి వ్యాపారిని తిట్టాడు, తర్వాత లోకంలోని వ్యాపారులందరినీ తిట్టాడు. తిట్టడానికి ఇక ఎవరూ మిగలక తనను తాను తిట్టుకున్నాడు. అప్పుడు గానీ బావ గుర్తు రాలేదు.

దర్జీని అడిగి, ఆయన కొన్న కొట్టులోనే ఐసీ కొన్నాడు. ఈసారి ముందు రుద్ది, తర్వాత వేశాడు. పెట్టె తీసుకుని అక్క ఇంటికి వెళ్ళి, తీగలు తగిలించి, టేపు పీకేసి మీట పూర్తిగా తిప్పాడు. ఇల్లు మోగిపోయింది.

బావ కుర్చీలోంచి దిగ్గున లేచి వచ్చాడు. "తగ్గించు బాబూ! మళ్ళీ కాలిందంటే నన్నే అంటావు."

"ఇక కాలదు బావా. తప్పు ఐసీది."

"ఆ ఐసీ తెచ్చిందెవరు?" అంది అక్క.

డాక్టరు నేల చూపులు చూస్తూ, ఆ మోతలో తనకే వినబడీ వినబడనట్టు, "నేనే. తప్పు నాదే బావా," అని గొణిగాడు. బావ, ఏమన్నాడన్నట్టు భార్య వైపు చూశాడు.

అక్క వెళ్ళి పాట ఆపేసింది.

"ఆయనకి వినబడలేదు. ఆ రోజు అందరికీ వినబడేలా అరిచావు కదా, ఇదీ అలాగే చెప్పు."

చెప్పాడు. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి తొంగిచూసేంత గట్టిగా చెప్పాడు.