కుడిచేతికి కొన్న విమానం

ఈరన్న బావ ఇక లేడు. ఈ మాట రాయడానికి నా కలం మొరాయిస్తోంది. కోతలు కోయమంటే గుర్రంలా పరుగెత్తే కలమిది. ఆవేళ పొద్దున్నే మా సుంకమ్మక్క ఫోన్ చేసి, "మీ బావ లేస్తల్లేడురా" అంది. "పండుకోనీక్కా, ఆదివారమే గదా" అని ఎప్పట్లాగే వేళాకోళమాడాను. అవతల అక్క ఏడుపు వినిపించింది. అప్పుడు నాకు విషయం బోధపడి, కల్లూరులోని మా ఇంటినుంచి ఉన్నపళంగా వాళ్ల ఊరికి బయల్దేరాను.

బావది పత్తికొండ దగ్గర మెట్టసేద్యం. వేరుశనగ, కంది వేసి, వాన కోసం ఆకాశం వైపు చూస్తూ బతికిన మనిషి. ఆ ఆకాశంలోకి తానే ఒక విమానాన్ని పంపుతాడని ఎవరూ ఊహించలేదు. నా కథలు ఎరిగినవాళ్లు ఇది కూడా వాటిలో ఒకటనుకుంటారేమో. కాదు. కావాలంటే పత్తికొండ వెళ్లి ఎవరినైనా అడగండి.

పక్షవాతం వచ్చి బావ కుడిచెయ్యి పడిపోయింది. నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. ఆసుపత్రిలో పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని పెరట్లోకి విసిరేశాడు, అదీ ఎడమచేత్తో. ఇంట్లో తలుపు వేసుకుని ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినేవాడు. పెండ్లిళ్లకు, ఊరి దేవర జాతరలకు వెళ్లడం మానేశాడు. "పంక్తిలో కూచుని ఎడంచేత్తో తినమంటారా? నా చేత్తో నేను ముద్ద కలుపుకుని తిన్న దినం వస్తా. అంతవరకు పిలవాకండి" అని బంధువులందరికీ తెగేసి చెప్పాడు. అభిమానధనుడు. ఆ ఒక్క ముద్దే ఆయన జీవితధ్యేయమైంది.

వైద్యానికి వచ్చి మా ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం, కల్లూరు శివారులోని ఖాళీ ప్లాట్లలో కుర్రాళ్లు రిమోట్ విమానం ఎగరేస్తుంటే చూశాడు. అందరూ ఆకాశం చూస్తున్నారు. బావ మాత్రం ఆ కుర్రవాడి చేతులనే చూశాడు.

"కుడి బొటనేలితో తిప్పుతాండాడు చూడు" అన్నాడు.

"అయితే ఏంది బావా?"

"ముద్దను నోట్లోకి తోసేది గూడా బొటనేలే గదప్పా!"

మర్నాడే కర్నూలులో రిమోట్ బొమ్మలమ్మే బాషా అంగడికి వెళ్లాం. బాషా మర్యాదస్తుడు; రాగానే ఎర్రగా మెరిసే యుద్ధవిమానం నమూనా ఒకటి బల్లమీద పెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "బావా, ఇదే తీసుకో. దీంతో ఆదోని దాకా పోయి టీ తాగి రావచ్చు" అన్నాను. బావ నన్ను పట్టించుకోలేదు. సంతలో ఎద్దును చూసినట్లు దాని చుట్టూ తిరిగాడు. మూపురం తడిమినట్లు వీపు తడిమాడు, పళ్లు చూసినట్లు ముక్కు కిందికి వంగి చూశాడు.

"ఇదేమప్పా, రెక్కలు కడుపుకింద పెట్టుకోనుండాది?"

"శానా స్పీడు పెదనాయనా. యుద్ధవిమానం గదా."

"నేనెవురితో యుద్ధం చేయల్ల? కొత్తగా సేద్యం పెట్టినోనికి పొగరుబోతు కోడెను అంటగడతాండావే! సాధువును చూపియ్. నేను తప్పు చేసినా అది బెదరకూడదు."

బాషా నవ్వి లోపలినుంచి ఇంకొకటి తెచ్చాడు. తెల్లటిది, బండగా ఉంది. రెక్క వీపుమీద ఉంది, దాని చివరలు కొంచెం పైకి లేచి ఉన్నాయి. అందుకే పక్కకు ఒరిగినా తనంతట తాను సర్దుకుంటుందట. పంకా ముక్కుకు కాక, రెక్కకు వెనకవైపు ఉంది. ముక్కు నేలకు గుద్దుకున్నా విరగదు. ఒళ్లంతా థర్మకోలు లాంటి మెత్తని సరుకు.

"విరిగితే?"

"గమ్ము పెట్టి అతికించుకోవచ్చు. రెక్కలు గూడా విడిగా దొరుకుతాయి."

"నెమ్మదిగా పోతాదా?"

"సైకిలు తొక్కినట్ల పోతాది పెదనాయనా."

"ఇది మన ఎద్దు!" అన్నాడు బావ.

అప్పుడు బాషా ఆ చేతిని గమనించి, మెత్తగా, "రిమోట్‌ను ఎడమచేతికి మార్పించి ఇస్తా, ఈజీగా ఉంటాది" అన్నాడు.

"వద్దప్పా. ఎడంచెయ్యి బాగనే ఉండాది. దానికెందుకు విమానం?"

ఇంత సూటిగా తన రోగంతో మాట్లాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మా పక్క గాలి సంగతి చెప్పాలి. పత్తికొండ మార్కెట్లో నేను బేరమాడిన టమోటా గంప ఒకసారి నాకంటే ముందే గుత్తి చేరింది. లారీ ఉత్తదే వెనక వచ్చింది. అలాంటి గాలిలో, వేరుశనగ పీకేసిన చేలో, ఊరంతా చూస్తుండగా బావ మొదటిసారి విమానం ఎగరేయడానికి సిద్ధమయ్యాడు. కళ్లంలో తూర్పారబట్టే అలవాటుతో గాలికి వీపుపెట్టి నిలబడ్డాడు, పొట్టు కంట్లో పడకుండా. విమానాన్ని చేత్తో విసిరి లేపే పని నాది; నేనూ గాలి పోయే వైపే విసిరాను. విమానం నాలుగు బారలు పోయి ముక్కుతో నేలను దున్నింది.

గట్టుమీదినుంచి ఒకాయన, "ఏమప్పా ఈరన్నా, కాయలు యాడ, పొట్టు యాడ?" అని కేకేశాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. కాసేపు గాలిని ముఖంతో చూసి, "తప్పు మనదే. పొట్టు తేలికది, గాలెంబడి పోతాది. ఇది బరువుది. ఎదురుగాలి ఉంటేనే రెక్కకింద బలం పుడతాది. ఇట్లకు తిరుగు" అన్నాడు. ఇద్దరం గాలికి ఎదురు నిలబడ్డాం. కళ్లనిండా దుమ్ము. ఈసారి విమానం లేచింది.

లేచింది గానీ, దిగడం నేర్చుకోవడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది. బొటనవేలు మాట వినేది కాదు. కందికట్టెల కుప్పమీద పడింది, ముళ్లకంపలో పడింది, ఒక గేదె వీపుమీద దిగింది. ఆ గేదె ఆనాటినుంచి మిగతా గేదెలను పలకరించడం మానేసిందని ఊళ్లో చెప్పుకుంటారు. బావ ప్రతి సాయంత్రం గమ్ముతో అతికించేవాడు, ప్రతి పొద్దునా మళ్లీ చేలో నిలబడేవాడు. చెయ్యి నొప్పితో వణికితే, "వణకనీ. వణుకుతాండాదంటే బతికుండాదని గదా" అనేవాడు.

ఒకనాడు విమానం గాలికెదురుగా తిరిగి, మెల్లగా వంగి, పొట్టతో నేలను తాకి, కొంచెం జారి నిలబడింది. ఎక్కడా విరగలేదు. బావ గెంతలేదు, కేక వేయలేదు. తన బొటనవేలిని చాలాసేపు చూసుకుని, "బామ్మర్దీ, పత్తికొండలో మనోళ్ల పెండ్లి ఎప్పుడు?" అని అడిగాడు.

ఆ పెండ్లిలో పంక్తి మధ్యలో కూర్చున్నాడు. వడ్డించే కుర్రవాడు చెంచా తేబోతే, "తీసకపో అప్పా" అన్నాడు. పప్పన్నం కుడిచేత్తో కలిపాడు. మొదటి ముద్ద ఆకులోనే జారింది. పక్కవాళ్లు తల తిప్పుకున్నారు. మళ్లీ కలిపాడు, ఎత్తాడు, బొటనవేలితో నోట్లోకి తోశాడు. వెనక నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడిన మా అక్క ఆ ఆకులో నెయ్యి వేస్తూనే ఉంది. "చాలు లేవే, ఈదాలనా?" అని బావ అరిస్తేగానీ ఆపలేదు.

అటుతర్వాత ఆ మహామనిషి ఎక్కువ రోజులు ఉండలేదు. నిద్రలోనే నిశ్శబ్దంగా వెళ్లిపోయాడు. పట్టుదలకు నిలువెత్తు రూపం వంటి ఆ బావను మళ్లీ ఎక్కడినుంచి తేగలం? నా కోతలను నమ్మకుండానే నన్ను ప్రేమించిన శ్రోతను నేనెక్కడ వెతుక్కోను?

కర్మకాండ జరిగిన మర్నాడు మా అక్క ఒంటరిగా భోజనానికి కూర్చుంది. ముద్ద ఎత్తి, మళ్లీ ఆకులో పెట్టేసింది. "తినక్కా" అన్నాను. "ఆయప్ప అంత కష్టపడి నేర్చుకుండేదాన్ని నేను మానుకుంటే ఎట్లరా" అని, కళ్లు తుడుచుకుని, తింది.