రెండు చేతులతో అందుకున్న కార్డు

పిల్లలూ, విజిటింగ్ కార్డు ఎలా తీసుకోవాలో మీ ఆఫీసుల్లో పాఠాలు చెబుతారట కదా. నేను మాత్రం రాజంపేట బస్సులో నేర్చుకున్నాను.

నా ముందు సీటులోని ఒకామె, పక్క వరుసలో కూర్చున్న తెల్లచొక్కా నాయకుడితో, "మా వీధికి నాలుగు దినాలుగా నీళ్లు రాలేదప్పా" అంది. ఆయన ఫోనులో మాట్లాడుతూనే ఎడమచేత్తో తన కార్డు ఇవ్వబోయాడు. ఆమె అందుకోలేదు.

"కుడిచేత్తో ఇయ్యప్పా."

ఆయన చెయ్యి మార్చాడు. ఆమె రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. పెద్ద ఫోటో చూసి, ఆరు పదవులూ నిదానంగా చదివి, వెనక్కి తిప్పింది.

"ఫోన్ నంబరు యాడుండాదప్పా?"

"నేను అందరికీ తెలుసులేమ్మా."

ఆమె అంతే మర్యాదగా, రెండు చేతులతోనే కార్డు తిరిగిచ్చింది.

"అయితే మా వీధికొచ్చేటప్పుడు తెచ్చుకో నాయనా. ఆడ నిన్నెవరూ చూడలేదు."