తోడికోడలి మట్టి

బట్టలు కుట్టే పెద్దకోడలు, పక్కవాటాలో తోడికోడలి రోడోడెండ్రాన్ అనే కొండపూల మొక్క విరగబూస్తుంటే కళ్లలో నిప్పులు పోసుకునేది. ఇద్దరూ ఒకేచోట కొన్న మొక్కలే. తనదానికి మాత్రం ఆకులు పసుపెక్కాయి. బలానికని బూడిద, సున్నం వేస్తే ఇంకా వాడిపోయింది. చివరికి సిగ్గు చంపుకుని తోడికోడలినే అడిగింది.

"అయ్యో అక్కా! దానికి సున్నం, బూడిద అస్సలు పడవు. పులుపు గుణం ఉన్న మట్టి కావాలి. పైన్ ఆకులు కుళ్లిన మట్టి నా దగ్గరుంది, తీసుకెళ్లు," అంది చిన్నకోడలు.

కుండీలో మట్టి మార్చాక, మరుసటి ఏడు ఆ మొక్క చిన్నకోడలిదాన్ని మించి పూసింది. పెద్దకోడలు పొంగిపోతూ అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది.

"ఎంత బాగా పూసిందే! అంతా చిన్నదాని మట్టి మహిమ," అంది అత్తగారు.

పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. మట్టి తనే తయారుచేసుకుందామని, గంప పట్టుకుని పైన్ చెట్ల వైపు విసవిసా నడిచింది.