మడుల కుండలో గవ్వలు

కన్యాకుమారి పుట్టింది శ్రీముఖలింగం పక్కన, వంశధార ఒడ్డున. అక్కడ నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఏటి ఇసుకలో చెలమ తీస్తే కడవ నిండుతుంది. అలాంటి పిల్ల నౌపడ అవతల ఉప్పు మడుల ఊరికి కోడలై వచ్చింది. వచ్చిన రోజునే అత్త పార్వతి ఆమె చేతికి చెంబుడు నీళ్ళిచ్చి, ఇవి దిబ్బ బావి నీళ్ళని, కాళ్ళు కడగడానికి వాడితే మీ మావ ఊరుకోడని చెప్పింది. నీళ్ళ విషయంలో కన్యాకుమారి భయం ఆ చెంబుతోనే మొదలైంది.

సముద్రానికి అంత దగ్గరగా తియ్యటి బావి ఉండటం వింతగా అనిపిస్తుంది కానీ, దానికో కారణం ఉంది. వాన నీరు తేలిక, ఉప్పు నీరు బరువు. ఇసుక దిబ్బ తాగిన వాన నీరంతా కింద ఉన్న ఉప్పు నీటి మీద, పాల మీద మీగడలా తేలి ఉంటుంది. ఊరు తాగేది ఆ మీగడే. దిబ్బను తవ్వినా, పక్కన ఉప్పు నీరు నిలవబెట్టినా మీగడ చెదిరిపోతుంది. చెదిరాక మళ్ళీ కట్టాలంటే ఎన్ని వానాకాలాలు పడతాయో ఎవరూ చెప్పలేరు.

పెళ్ళయిన మూడో ఏట పింకీ పుట్టింది. దానికి మాటలు వస్తున్న రోజుల్లో కన్యాకుమారి పొరుగూరికి ఒక పెళ్ళికి వెళ్ళింది. ఆ ఊళ్ళో అంతకు ముందే రొయ్యల చెరువులు తవ్వి ఉప్పు నీరు నింపారు. ఆడవాళ్ళు టిన్నుల నీళ్ళు కొనుక్కుంటున్నారు. అవి అయిపోయి ఎవరో బావి నీళ్ళు గ్లాసులో పోసి ఇస్తే, పింకీ నోట్లో పోసుకుని తల్లి చీర మీదే ఉమ్మేసింది. అందరూ నవ్వారు. కన్యాకుమారికి నవ్వు రాలేదు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే బావి నీళ్ళు తన నాలిక మీద వేసుకుని చూశాకే పిల్లకు తాగించేది. "ఇయ్యాల ఉప్పెంతేసినారు వొదినా, సరిపోయిందా?" అని బావి దగ్గర ఆడవాళ్ళు ఆట పట్టించేవారు.

ఇది జరిగిన మరుసటి ఏడు టెక్కలి వ్యాపారి చంద్రమౌళి ఊళ్ళోకి వచ్చాడు. మర్యాదస్తుడు. పేరుపేరునా పలకరించాడు. దిబ్బ పక్కన ఉన్న పంచాయతీ భూమి లీజుకిస్తే రొయ్యల చెరువులు వేస్తానని, ఊరికి సిమెంటు రోడ్డు పోయిస్తానని, పదిమందికి పని ఇస్తానని చెప్పాడు. సర్పంచ్ అప్పలసూరి సరేనన్నాడు. కన్యాకుమారి మావ లక్ష్ముడు అంతకంటే గట్టిగా సరేనన్నాడు, ఎందుకంటే చెరువుల కాపలా పని తనకే ఇస్తానని చంద్రమౌళి మాట ఇచ్చాడు. నలభై ఏళ్ళు ఉప్పు నీటిలో నిలబడిన కాళ్ళు ఆయనవి. పగుళ్ళలో ఉప్పు దిగితే ఎలా ఉంటుందో పడినవాళ్ళకే తెలుస్తుంది. నీడపట్టున కుర్చీ వేసుకుని కూర్చునే పని అంటే ఆయనకది స్వర్గం. అందుకే కన్యాకుమారి ఆయన్ని తప్పు పట్టలేకపోయింది. తప్పు పట్టలేకపోయినా, బావిని వదులుకోలేకపోయింది.

ఇక మిగిలింది గ్రామసభ. ఉమ్మడి భూమి ఇవ్వాలంటే సభ ఒప్పుకోవాలి. పంచాయతీ కార్యదర్శి విజయ్‌కుమార్ కొత్తగా వచ్చిన కుర్రాడు, పలాస బాప్టిస్టు చర్చి పాస్టరు గారి అబ్బాయి. దండోరా వేయించాక బావి దగ్గర ఆగి ఆడవాళ్ళకి కూడా చెప్పాడు. సభలో వార్డు మెంబర్లే కాదు, ఓటున్న ప్రతి మనిషీ మెంబరేనని, సర్పంచ్ గారి చెయ్యి ఎంతో మీ చెయ్యీ అంతేనని అన్నాడు.

"మీరు సెప్పింది నిజమే బాబూ," అంది కన్యాకుమారి. "మావ సూస్తుండగా సెయ్యి లెగదు."

ఆ మాట ఆమె ఒక్కదానిది కాదు. ఆ ఊళ్ళో మావల ఎదుట కోడళ్ళు కుర్చీలో కూర్చోరు, గొంతు పెంచరు. అంతకు ముందు ఏడు మందు బెల్టు షాపు తీసేయాలా అని సభలో అడిగినప్పుడు ఆడవాళ్ళందరూ వెళ్ళారు. ఇంటి దగ్గర అందరూ ఒకటే మాట అనుకుని వెళ్ళారు. తీరా చేతులెత్తమనేసరికి ముందు వరసలో మావలు, బావలు వెనక్కి తిరిగి చూశారు. ఒక్క చెయ్యీ లేవలేదు. షాపు ఇప్పటికీ బడి ఎదురుగానే ఉంది. పక్కనే ఉన్న మనిషిని నొప్పించలేని మంచితనం ఊరందరికీ ఉంది. ఆ మంచితనంతోనే ఊరు ఓడిపోతుంటుంది.

భర్త చినబాబుని నువ్వైనా చెయ్యి ఎత్తమని అడిగితే, అతను ఉప్పు లారీ మీద నుంచి దిగుతూనే, అయ్య ఎదుట తనూ చెయ్యి ఎత్తలేనని తేల్చేశాడు.

ఆ సాయంత్రం అటక మీది కుండను చూస్తుంటే కన్యాకుమారికి ఆలోచన వచ్చింది. అది మడుల కుండ. ఉప్పు కాలం మొదట్లో ఊరు మడులు పంచుకుంటుంది. కాలవ దగ్గరి మడి అందరికీ కావాలి, దూరపు మడి ఎవరికీ వద్దు. అందుకని ఇంటికొక గుర్తు కుండలో వేసి, తడి గుడ్డ కప్పి, చెయ్యి దూర్చి తీస్తారు. కుండలోంచి వచ్చిన దాని మీద ఆ ఊళ్ళో తగువు లేదు. కొట్టుకుని స్టేషన్‌కెక్కిన అన్నదమ్ములు కూడా కుండ మాట కాదనలేదు. దాన్ని తాతల నాటి నుంచి దించేది లక్ష్ముడి ఇంటివాళ్ళే.

మావ చుట్ట కాల్చుకుంటూ హాయిగా ఉన్న వేళ చూసి, గుమ్మం చాటు నుంచి అడిగింది.

"మావయ్యా, ఈపాలి సభకి మడుల కుండ దింపితే బాగుంటాదేమో."

"కుండెందుకే? మడుసులకి సేతుల్లేవేటి?"

"సేతులెత్తితే రేపు ఓడినోళ్ళు గెలిసినోళ్ళ మొకం సూడరు. కుండలోంచొస్తే ఎవులేటంటారు? ఈ ఇంటి కుండ కాదన్నోడు ఊళ్ళో ఉన్నాడేటి?"

లక్ష్ముడు పొగ వదిలాడు. గర్వపడ్డాడని ఆ పొగ చూస్తేనే తెలిసింది. తనే వెళ్ళి సర్పంచ్‌ని ఒప్పించాడు. గెలుపు తమదేనన్న ధీమా అప్పలసూరిది. కుండైతేనేం, బిందైతేనేం అన్నాడు. విజయ్‌కుమార్‌ని అడిగితే, చేతులే ఎత్తాలన్న రూలేదీ తనకైతే తెలియదని, ఊరంతా ఒప్పుకుంటే అలాగే రాసుకుంటానని అన్నాడు.

పద్ధతి ఇలా అనుకున్నారు. మనిషికొక గవ్వ, ఒక చింతపిక్క. గవ్వంటే వద్దు, పిక్కంటే సరే. రెండూ పిడికిట్లో పట్టుకుని, గుడ్డ కింద చెయ్యి పెట్టి, తన మాట మడుల కుండలో వేయాలి. మిగిలినది పక్క కుండలో పడేయాలి. చూసేవాళ్ళకు చెయ్యి రెండుసార్లు దూరడమే కనిపిస్తుంది.

అంతా బాగానే ఉందనుకుంది కన్యాకుమారి. కానీ పార్వతి సందేహం పార్వతికి ఉంది. లక్ష్ముడు ఇంట్లో లేని వేళ అటక మీది కుండ దింపించి, తను లోపలి గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుని, ఒకటి వెయ్యమంది. కన్యాకుమారి వేసింది.

"గవ్వ," అంది లోపలి నుంచి. "ఇంకోటెయ్యి. పిక్క. మల్లా గవ్వ."

ఒక్కటీ తప్పలేదు. గవ్వ మట్టికి తగిలి టింగుమంటుంది, పిక్క టపుక్కుమంటుంది. మడులు పంచేటప్పుడు చప్పుడుతో పని లేదు కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టలేదు. పార్వతి బయటికి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. "నాకే ఇలా వినపడితే, కుండ పక్కనే కూకుంటాడు నీ మావ. ఆయనకి పాము సెవులు."

కన్యాకుమారి కూలబడింది. పింకీ వచ్చి ఒళ్ళో కూర్చుని, కుండలో పిడికెడు ఉప్పు పోసి ఆడుకోబోయింది. పారబోద్దామని కుండ వంచబోయిన కన్యాకుమారి చెయ్యి ఆగింది. అందులోకి ఒక గవ్వ వదిలింది. చప్పుడు లేదు. పార్వతి బస్తా విప్పి రెండు కుండల్లోనూ అడుగున మందంగా ఉప్పు పోసింది. మళ్ళీ తలుపు మూసుకుని కూర్చుంది. "ఎయ్యవే," అంది కాసేపటికి. అప్పటికే నాలుగు వేసేసింది కోడలు.

సభ రోజు బడి వరండా నిండిపోయింది. కుండ దించుతూ లక్ష్ముడు లోపలికి తొంగి చూశాడు. ఉప్పెందుకని అడిగాడు. పార్వతి తల కూడా తిప్పలేదు. "కొత్త పనికి కుండ దింపుతూ ఉప్పు నేకుండా దింపుతారేటి? మీ అమ్మ నేర్పలేదా?" అంది. వాళ్ళమ్మ నేర్పిందో లేదో ఆయనకు గుర్తు లేదు. తడి గుడ్డ తీసి కుండల మీద కప్పాడు.

చంద్రమౌళి లేచి చేతులు జోడించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. తర్వాత వరస కదిలింది. కోడళ్ళు కొంగు తల మీదికి లాక్కుని, మావల ముందే వంగి, గుడ్డ కింద చెయ్యి పెట్టారు. పోతురాజు అనే ముసలాయన చాలాసేపు చెయ్యి తీయకపోతే, "ఏటి తాతా, అందులో మడి ఎతుకుతన్నావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కన్యాకుమారి వంతు వచ్చింది. మావ కళ్ళు కుండ మీదే ఉన్నాయి. ఆమె గుండె చప్పుడు ఆయనకు వినిపిస్తుందేమోనని భయమేసింది. గవ్వ ఉప్పులో పడింది. ఆయన కనురెప్ప కదలలేదు. చివరికి లక్ష్ముడు కూడా అందరిలాగే చెయ్యి పెట్టి తీశాడు.

కుండను తాటాకు చాప మీద బోర్లించారు. ఉప్పు దులిపి, ఏరి కుప్పలు వేసింది లక్ష్ముడే. మొదట రెండు కుప్పలూ సమానంగా లేచాయి. తర్వాత తెల్ల కుప్ప పెరగసాగింది. ఆయన చెయ్యి నెమ్మదించింది. అప్పలసూరి మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. మళ్ళీ లెక్కపెట్టారు. గవ్వలే ఎక్కువ, అదీ ఎంతో ఎక్కువ.

అప్పుడు ఊరికి ఒక సంగతి అర్థమైంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ కలిసి వేసినా అన్ని గవ్వలు రావు. మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చెయ్యి ఎత్తలేనిది కోడళ్ళే అనుకున్నారు ఇన్నాళ్ళూ. సర్పంచ్‌ని నొప్పించలేనివాళ్ళు, తండ్రిని కాదనలేనివాళ్ళు, బాకీ ఉన్నవాళ్ళు, అందరూ ఆ తెల్ల కుప్పలోనే ఉన్నారు. చినబాబు నేల చూపులు చూస్తూ నవ్వుకుంటున్నాడు. ఎవరో ఈల వేశారు. విజయ్‌కుమార్ భూమి ఇవ్వకూడదని సభ నిర్ణయించిందంటూ రాసి, గట్టిగా చదివి వినిపించాడు. చంద్రమౌళి చేతులు జోడించి కారెక్కాడు. కుండ మాట మీద తగువు పెట్టడానికి అప్పలసూరికి కూడా నోరు రాలేదు.

ఇంటి దారిలో లక్ష్ముడు కుండ భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. బావి దగ్గర ఆగాడు.

"నువ్వేటేసినావే కోడలా?"

కన్యాకుమారి మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. "కుండనడగాల మావయ్యా."

ఆయన గుర్రుగా చూసి, కుండ దించి, చేద వేశాడు. తోడిన నీళ్ళు ముందు తన నాలిక మీద వేసుకున్నాడు. తర్వాత దోసిలి పట్టి పింకీకి తాగించాడు. "నన్నెవులడిగినా నానూ అదే సెప్తాను," అన్నాడు. ఆయన ఏం వేశాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మడుల కుండ మళ్ళీ అటకెక్కలేదు. పార్వతి దాన్ని కడిగి, ఆరబెట్టి, అడుగున కొత్త ఉప్పు పోసింది. అదేంటని లక్ష్ముడు అడిగితే, వచ్చే సభ దాకా అలాగే ఉండనీ అంది.

"బడి కాడ శాపు ఇంకా తెరిసే ఉంది గదా."