హెబ్రోను ఇనుప చీల

పొద్దున్నే పళ్లు తోముకోకముందే హెబ్రోను చిన్న సుత్తి చేతిలోకి తీసుకుంటాడు. మంచం, గేటు, టీ కొట్టు బల్ల, అతుకు కనిపించిన చోటల్లా టక్కుమని కొట్టి చెవి పెడతాడు. ఇందుకూరుపేటలో ఎవరూ దాన్ని వింతగా చూడరు. ఉప్పుగాలికి వెల్డింగు అతుకులు ఎంత త్వరగా తుప్పు పడతాయో రొయ్యల చెరువులున్న వాళ్లందరికీ తెలుసు.

పద్దెనిమిదేళ్లు వెల్డింగు చేసిన మనిషే వెల్డింగు లేని అతుకు కనిపెట్టాడు. ఒక గొట్టం చివర గాడి. రెండో గొట్టం చివర చదునుగా నొక్కిన నాలుక. రెండూ కలిపి పైనుంచి ఇనుప చీల దిగగొట్టడమే. బరువు పడేకొద్దీ చీల బిగుస్తుంది, తుప్పు పడితే చీల ఒక్కటే మార్చుకోవచ్చు. అయినా రెండేళ్లలో దాన్ని నమ్మి పని ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

చివరికి చర్చి పైకప్పు మార్చాల్సి వచ్చినప్పుడు పాస్టరు సుశీల్ కుమార్ గారు అన్నారు: "కోత పండగ నాడు అందరి ముందరా బరువు మోసి చూపించు. నిలబడితే కప్పు పని నీదే. లేదంటే వెల్డింగే."

పండగ నాడు చర్చి ఆవరణలో రెండు స్తంభాల మీద తన చీలలతో బిగించిన ట్రస్సు, అంటే కప్పు మోసే ఇనుప చట్రం, నిలిపాడు. కానుకగా వచ్చే వడ్ల బస్తాల్లో పన్నెండు దానికి వేలాడదీయాలని లెక్క. పన్నెండూ ఎక్కాయి. పదమూడో బస్తాతో సంఘంలోని లిల్లీ వచ్చింది.

"కింద పెట్టక్కా, లెక్క అయిపోయింది," అన్నాడు హెబ్రోను.

"దేవుడికి తెచ్చింది కింద పెట్టాల్నా? వాళ్లది పైన, నాది మట్టిలోనా? కట్టు!"

కట్టాడు. ఇంక ఆగేదెవరు? వెనకే ఇంకో బస్తా, ఇంకోటి, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు. కోళ్లు తలకిందులుగా అరుస్తున్నాయి. హెబ్రోను చొక్కా చెమటతో తడిసిపోయింది.

ఇరవయ్యో బస్తాకు ట్రస్సు 'టంగ్' మంది.

జనం గోడదాకా పరిగెత్తారు. పాటల బృందం అలవాటుగా "స్తోత్రం!" అని కేక పెట్టింది.

"పోయిందా ఏమయ్యా?" అంది భార్య పుష్పకుమారి, ఏడుపు గొంతుతో.

హెబ్రోను బస్తాల కిందకి దూరి చూశాడు. చీల గోరంత లోపలికి దిగింది, అంతే.

"పోలా మే! బిగిసింది!" అంటూ కోళ్ల మధ్యలోంచి గెంతుకుంటూ బయటికొచ్చాడు.

పాస్టరుగారు తన బస్తా తనే ఈడ్చుకొచ్చారు. "నాదీ తగిలించబ్బయ్యా, నేనొక్కణ్ణే ఎందుకు మిగలాల?"

ఆ కప్పు వేసి మూడేళ్లయింది. హెబ్రోను ఇప్పుడు బోగోలు నుంచి చిట్టమూరు దాకా రొయ్యల చెరువుల గట్ల మీద షెడ్లు కడుతున్నాడు. వెల్డింగు మిషను అమ్మేశాడు.