ఇసుర్రాయి కట్టుకొని బాయిల మునిగిన

నిన్న మా మనుమరాలు అండమాన్ నుంచి ఫోన్ చేసింది. "తాతా, స్కూబా డైవింగ్ చేసిన! యుద్ధంల మునిగిన ఓడను చూసిన!" అని ఒకటే సంబురం. "గా పని నేను నీకంటె అరవై ఏండ్ల ముందే చేసిన బిడ్డా, మోత్కూరు పక్కన మన బాయిల!" అన్న. నమ్మలే. మీరన్న నమ్ముండ్రి. ఆ రోజు మా ఇంట్ల ఇసుర్రాయి పోయింది, నా పరువు పోయింది, ఇంకొంచెమైతే నేనే పోయేటోణ్ణి!

అప్పుడు నేను నల్లగొండల పీయూసీ చదువుతున్న. ఎవరో పారేసిన ఇంగ్లీషు మ్యాగజైన్ ఒకటి దొరికింది. అందుల ఒక ఫొటో. వీపుకు గాలి సిలిండర్లు కట్టుకొని, సముద్రం అడుగున మునిగిన యుద్ధం ఓడ మీద చెయ్యేసి నిలబడ్డడు ఒకడు. నాకు నిద్ర పట్టలే. ఎందుకంటే మా బాయి అడుగున కూడ ఒక ఖజానా ఉన్నది!

రజాకార్ల గడబిడల ఊరిడిసి పోయేటప్పుడు మా అవ్వ, అంటే మా బాపు తల్లి, తన వెండి కడియాలను ఇత్తడి చెంబుల పెట్టి, మూతి బిగించి, బాయిల ఏసింది. తర్వాత బాపు రెండుసార్లు ఈతగాండ్లను దింపిండు. ఉత్త చేతులతోనే పైకొచ్చిండ్రు. "బురదల దిగబడ్డయి, ఇడిసిపెట్టుండ్రి" అనేది అవ్వ. బాపు ఇడిసిపెడ్తడా? అవి దొరికితే అమ్మి బాయికి ఆయిల్ ఇంజన్ కొనాలని ఆయన ఆశ.

ఫొటో చూపించి "నేను తెస్త బాపు" అన్న. "ఇన్నాళ్లకు నీ సదువు పనికొస్తాంది" అని మురిసిండు. అవ్వ మాత్రం "వద్దు కొడుకా, జర నా మాటిను" అని రెండు దినాలు సరిగ అన్నం తినలే. ముసల్ది భయపడుతున్నది అనుకున్న.

సైకిల్ షాపు యాదగిరి దగ్గర లారీ ట్యూబు కిరాయికి తెచ్చిన. నా వీపుకు ట్యూబు, ట్యూబుకు రబ్బరు పైపు, పైపుకు నా నోరు. ముక్కుల దూది, కండ్లకు లారీ డ్రైవర్ అద్దాలు. సగం ఊరు బాయి చుట్టు చేరింది. ఎగిరి దుంకిన. మునగాలె గద? లేదు! బర్రె లెక్క నీళ్లమీదనే తేలుతున్న! "ఏం అల్లుడా, అడుగు కనవడ్డదా?" అని మా మేనమామ.

సిగ్గుతోటి పైకెక్కి, ట్యూబుల గాలి సగం తీసి, ఇంటికి ఉరికి అవ్వ పిండి ఇసురుకునే ఇసుర్రాయి తెచ్చి నడుముకు కట్టుకున్న. దానికే మోకు కూడ కట్టి, "రెండుసార్లు గుంజితే పైకి లాగు" అని బాపు చేతికిచ్చిన.

ఈసారి మునిగిన. నిమిషంల అడుగుకు! అంత పచ్చగ, చల్లగ. రెండు దమ్ములు పీల్చిన. అబ్బ, పంక్చర్ సొల్యూషన్ తాగినట్టే! మూడో దమ్ముకు పైపు ఊడింది. గాలంత బుడబుడ పైకి పోయింది. మోకు గుంజిన. రెండుసార్లు, నాలుగుసార్లు. అది రాళ్ల సందుల ఇరుక్కున్నది, పైన బాపుకు తెలుస్తలే! ఎట్లనో నడుముకున్న ముడి ఇప్పి, ఇసుర్రాయిని ఆడనే వదిలేసి, కాళ్లు కొట్టుకుంట తేలిన. తేలింది మెట్ల కింది సొరికెల, గుహ లెక్కటి సందుల. పైనున్నోళ్లకు నేను కనవడ. అరుద్దామంటే గొంతు రాదు.

పైన బుడగలు ఆగినయి. అప్పుడు మా అవ్వ పెట్టిన కేక!

"కొడుకా, పైకి రారా! కడియాలు అండ్ల లేవురా! కరువుల మీ బాపు బొంబాయి పోయిన ఏడు బాయి ఎండితె నేనే తీసుకున్నరా! జొన్నల గుమ్మిల దాచినరా! అమ్ముకుంటడని చెప్పలేరా!"

ఊరంత బాపు దిక్కు తిరిగింది. నేను సొరికెల నుంచి తల బయటపెట్టి, దగ్గుకుంట, "అవ్వా, ఈడనే ఉన్న" అన్న. పైకొచ్చినంక అవ్వ నన్ను రెండు కొట్టి, పట్టుకొని ఏడ్చింది. బాపు మోకు చేతిల పట్టుకొనే అవ్వ దగ్గరికొచ్చిండు. "అమ్మా, గిన్నేండ్లు నన్ను జూసి భయపడ్డవానె?" అన్నడు.

తెల్లారి గుమ్మిల చెయ్యి పెట్టి కడియాలు తీసింది బాపే. కూసుండబెట్టి అవ్వ కాళ్లకు తొడిగింది కూడ ఆయనే. ఆయిల్ ఇంజన్ ముచ్చట మళ్ల ఎత్తలే. అవ్వ వాకిట్ల నడుస్తుంటె వచ్చే ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. ఎంత మంచిగుండెనో!

కని ముసల్ది నన్ను ఇడిసిపెట్టిందా? బతికినన్ని దినాలు ఇంటికొచ్చినోళ్లందరికి చెప్పేది: "మా మనుమడు మస్తు ఈతగాడు. గుమ్మిల ఉన్న కడియాల కోసం బాయిల దుంకిండు, ఇంట్ల ఉన్న ఇసుర్రాయిని బాయిల దాచొచ్చిండు!"