బావి డైరెక్టరు, తలుపు డైరెక్టరు

డోర్నకల్ ప్యాసింజరు నెక్కొండలో ఆగి ఇక కదలనని మొండికేసింది. వెనక సూపర్‌ఫాస్ట్ వస్తోందట, దానికి దారి విడవాలట. పెద్దబండి వస్తే చిన్నబండి పక్కకు జరగాలన్నది రైల్వేలో నడిచే న్యాయమే గాని, రైల్వే కనిపెట్టిన న్యాయం కాదు. ఉమ్మడి కుటుంబంలో కోడళ్లుగా బతికిన వాళ్లెవరినడిగినా చెబుతారు. ఆగిన బండితో ఒక మేలుంది. చక్రాల రొద పోయాక పెట్టెలోని మనుషులు వినిపిస్తారు. ఎవరో పల్లికాయ ఒలుస్తున్నారు. ఎవరో ఫోన్లో వియ్యపురాలి మీద చాడీలు చెబుతున్నారు. ఆ చప్పుళ్ల నడుమ, తన వీపు వెనక సీట్లోంచి, సావిత్రికి గిరక మోత వినిపించింది.

బావి గిరక. బొక్కెన లేకుండా ఉత్త తాడును ఎవరో నిదానంగా లాగుతున్న మోత.

సావిత్రి వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ల పెద్దకోడలు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆ మోతకు ఆమె ఒళ్లు జలదరించింది, కాని భయంతో కాదు. గిరక తరవాత కుక్క మొరగాలి, మొరిగింది. కుక్క తరవాత చంటిపిల్ల నవ్వాలి, నవ్వింది. ఆ నవ్వు ముగియకముందే వెనక సీటావిడ తనలో తాను "ఇగొస్తది" అనుకుంది.

సావిత్రి లేచి సీటు మీదుగా తొంగి చూసింది. ఫోన్ మీదికి వంగిన తల, సగం నెరిసిన జుట్టు. పద్మలత. తన యారాలు, మరిది సుదర్శన్ భార్య. అన్నదమ్ములు వేరుపడి, లాక్‌డౌన్‌కు ముందు కేసముద్రం వెళ్లిపోయిన మనిషి. ఆ తరవాత చూడడం ఇదే.

"బావి డైరెక్టరుదా చూస్తానవ్?" అంది సావిత్రి. ఇన్నేళ్ల తరవాత మొదటి మాట ఇదవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పద్మలత తలెత్తింది. ఫోన్లో ఆడుతున్న బొమ్మను ఆపింది. పక్కనున్న సంచిని ఒళ్లోకి తీసుకుని, "కూసో అక్కా" అంది.

బావి డైరెక్టరెవరో చెప్పాలి. పెద్ద ఊళ్లలో సినిమాల గురించి మాట్లాడుకోవడానికి సంఘాలుంటాయి. ఫలానా దర్శకుడి నీడలు, ఫలానా దర్శకుడి నిశ్శబ్దం అని టీ తాగుతూ పంచుకుంటారు. వరంగల్ బజారులో కోడళ్లకు అలాంటి సంఘమేదీ లేదు. డైరెక్టరు పేరు పోస్టరు అడుగున ఉండేది, రిక్షా దాటేలోపు చదవడం కుదిరేది కాదు. అందుకని ఈ ఇద్దరూ గుర్తులు పెట్టుకున్నారు. ఏ సినిమా తీసినా అందులో బావి ఉండేవాడు బావి డైరెక్టరు. బంగళా కథయితే పెరట్లో బావి, పట్నం కథయితే అపార్ట్‌మెంటు కింద పూడ్చిన బావి. ఆయన దయ్యం ఎప్పుడూ ఆడదే, అన్యాయమైపోయిన ఆడది. ఇంటర్వెల్ కల్లా జుట్టు విరబోసుకుని పైకొస్తుంది. తనను ముంచిన వాళ్లను ఒక్కొక్కరినే ముంచి గాని శాంతించదు. ఆయనకు సావిత్రి అభిమాని.

రెండో ఆయన తలుపు డైరెక్టరు. ఈయన దయ్యాన్ని చూపనే చూపడు. ఒక తలుపు మెల్లగా తెరుచుకుంటుంది, లోపల చీకటి. కెమెరా గడప దాటదు. టికెట్టు కొన్నందుకు కనీసం ఒక తెల్లచీరయినా చూపెట్టలేదని జనం తిట్టుకుంటూ లేచేవారు. ఒక సినిమాలోనైతే దయ్యమల్లా ఒక స్టీలు గ్లాసు. రాత్రి వంటింట్లో బోర్లించిన గ్లాసు పొద్దున మరో గదిలో కనిపిస్తుంది. అంతే సినిమా. పద్మలత ఈయన పక్షం. ఆ సినిమా చూసొచ్చిన మర్నాడు సావిత్రి నిద్ర లేచేసరికి కిటికీలో ఒక గ్లాసుంది. దుకాణం నిండా గ్లాసులున్న ఇల్లు. ఎవరు పెట్టారని ఎవరినడుగుతారు? మూడు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. నాలుగో రోజు పద్మలత రోటి దగ్గర కూర్చుని నవ్వాపుకోలేక దొరికిపోయింది.

పద్మలత పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్‌లో. నాయనకు చిన్న కిరాణా కొట్టు. రైలు పట్టాల పక్క ఇల్లు కాబట్టి చీకటంటే ఆమెకు ఎప్పుడూ రైలు దీపం చీల్చుకుపోయేదే. పంతొమ్మిదేళ్లకు కోడలిగా వచ్చింది. అత్తకు సినిమాలు గిట్టవు, గుడి గిట్టుతుంది. వచ్చిన నెలకే పద్మలత దారి కనిపెట్టింది. మంగళవారం భద్రకాళి గుడికని బయలుదేరడం, నిజంగానే గుడికి పోవడం, నిండా కుంకుమ పెట్టుకోవడం, అటునుంచటే మ్యాట్నీకి. అబద్ధమూ కాదు, పైగా దయ్యం సినిమాకు నుదుటిమీద అమ్మవారి బొట్టు ఉంటే మంచిదే కదా అని ఆమె వాదన. ప్రసాదం మాత్రం ఆకలేసినా ముట్టనిచ్చేది కాదు. ఇంటికి పోయాక సాక్ష్యానికి కావాలి.

ఒక కట్టుబాటు కూడా ఆమె పెట్టిందే. సినిమా వదిలాక ఇద్దరూ కలిసి ఇల్లు చేరితే అత్తకు అనుమానం. కాబట్టి థియేటర్ గేటు దగ్గరే విడిపోయి, ఒకరు నేరుగా ఇంటికి, ఇంకొకరు పూల కొట్టు మీదుగా. మొదటిసారి విడిపోయేటప్పుడు సావిత్రి "పోయొస్త పద్మా" అనబోతే పద్మలత ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మన దిక్కు ఎవరింటి నుంచి లేచినా పోయొస్తనని చెప్పే లేవాలి; చావింటి నుంచి మాత్రం చెప్పకుండా లేవాలి, తిరిగి చూడొద్దు. ఆ రావడం మళ్లీ జరగకూడదని. దయ్యం సినిమా కూడా చావిల్లేనని, చెప్పి పోతే లోపలున్నది వెంట వస్తుందని పద్మలత తీర్మానం. తెరమీది దయ్యానికి గేటు దాకా చెవులుంటాయా అని సావిత్రి అడగలేదు. వెనకున్న వాళ్లు పిలవకూడదు, ముందుపోయే వాళ్లు తిరగకూడదు. పాతికేళ్లు అలాగే నడిచింది. పిల్లల పెళ్లిళ్లు చేశారు, పురుళ్లు పోశారు, అత్తను సాగనంపారు. ఆ థియేటర్ ఫంక్షన్ హాలయితే వేరే థియేటర్ చూసుకున్నారు.

తరవాత అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చింది. సావిత్రి భర్త సారంగపాణిది ఒక పట్టు, సుదర్శన్‌ది ఒక పట్టు. పెద్దమనుషులు కూర్చుని ఇంటి నడుమ గోడ పెట్టించారు. గోడకు ఇవతల సావిత్రి, అవతల పద్మలత. కుక్కరు కూత వినిపించేది. గాజుల మోత వినిపించేది. దగ్గినా వినిపించేది. మనిషి మాత్రం కనపడదు. ఆ గోడ పక్కన కూర్చుని వడియాలు పెడుతూ ఒకనాడు సావిత్రికి తలుపు డైరెక్టరు ఏం తీశాడో అర్థమైంది. అర్థమైందని చెప్పుకోవలసిన మనిషి గోడకు అవతలుంది. మరికొన్నాళ్లకు సుదర్శన్ తన భాగం అమ్మేసి కేసముద్రం మార్కెట్లో కమీషన్ కొట్టు పెట్టుకున్నాడు. వెళ్లేరోజు పద్మలత ఈ గుమ్మం దాకా వచ్చి, చేతులు జోడించి, "పోయొస్త అక్కా" అంది. ఆమె నోట ఆ మాట సావిత్రి వినడం అదే మొదలు. చుట్టాలకు చెప్పే మాట. ఇంటికొచ్చిపోయే పరాయివాళ్లు చెప్పే మాట. ఆ ఒక్క మాటను సావిత్రి ఇన్నేళ్లూ మోసింది. ఫోన్ నంబర్లు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. నంబరు ఉండగానే సరా, ముందు ఎవరు చేయాలన్నది తేలాలి కదా.

సూపర్‌ఫాస్ట్ పెట్టెలను ఊపేస్తూ దాటిపోయింది. ప్యాసింజరు కదిలింది. సావిత్రి డోర్నకల్లో చెల్లెలు విజయలక్ష్మి ఇంటికి పోతున్నానని చెప్పింది. పద్మలత పంటి నొప్పికి దవాఖానకు వచ్చి పోతున్నానంది. ఆరోగ్యాలయ్యాయి. పిల్లలయ్యారు. అన్నదమ్ముల పేర్లు ఇద్దరూ ఎత్తలేదు. పద్మలత సంచిలోంచి నీళ్ల సీసా, ఒక స్టీలు గ్లాసు తీసి నీళ్లు పోసి ఇచ్చింది. గ్లాసు అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన ఇంటిపేరు. తమ దుకాణం మిషను మీద చెక్కిందే. సావిత్రి తాగి, గ్లాసును ఒళ్లోనే ఉంచుకుంది.

"నువ్వు బావి సినిమా చూసుడేంది?" అంది చివరికి. "దయ్యానికి గంత పౌడరెందుకు, పెండ్లికి పోతాందా అని ఎక్కిరిస్తుంటివి గద."

"అప్పుడన్న. ఇప్పుడు ఆయనే సక్కగ తీసిండనిపిస్తాంది."

"ఏం సక్కగ? చూపెడితే ఏమున్నది పద్మా, తెల్లచీర. చూపియ్యకుంటెనే గుండె గుంజుతది."

"అది నా మాట."

"నీదే. తీస్కపోయినవా ఏంది? ఇడిచిపెట్టే పోతివి."

పద్మలత కిటికీలోంచి చూసింది. తరవాత ఊరుకోలేక, గ్లాసు సినిమా పోయినవారం మళ్లీ చూశాననీ, నిద్దరొచ్చిందనీ అంది. సావిత్రికి కోపమొచ్చింది. ఆ సినిమాలో ఆఖరి తలుపు దగ్గర దీపం ఊగకుండా ఎలా నిలబడిపోతుందో, గాలి కూడా భయపడిందన్నట్టు, అది చూసి నిద్దరొచ్చిందంటే పంటి నొప్పి కాదు, కంటి నొప్పి అంది. పద్మలత బావిని వెనకేసుకొచ్చింది. గొంతులు లేచాయి. ఇద్దరూ ఒకరి పక్షం ఒకరు పట్టి కొట్లాడుతున్నామని ఇద్దరికీ కొంచెం ఆలస్యంగా తట్టింది, కాని ఎవరూ దిగలేదు.

ఎదురుసీట్లో బుట్ట ఒళ్లో పెట్టుకున్న ముసలావిడ ఒకతె ఇదంతా వింటోంది. పేరు మొగిలమ్మ, మానుకోట దాకా కూలికి పోతోంది. ఉండబట్టలేక, "ఎవలింట్ల బిడ్డా దయ్యం?" అంది.

"మా ఇంట్లనే అవ్వా" అంది పద్మలత.

"మంత్రగానికి చూపెట్టిండ్లా మరి?"

"పెద్దమనుషులకు చూపెట్టినం. నడుమ గోడ కట్టిచ్చి పోయిండ్లు."

సావిత్రికి నవ్వొచ్చింది. నవ్వుతోనే కళ్లు తడయ్యాయి. మొగిలమ్మ గోడ కడితే దయ్యం పోతుందా అని నమ్మకం లేనట్టు తల ఊపి, బుట్ట సర్దుకుంది.

పత్తిచేలు వెనక్కి పోతున్నాయి. అప్పుడు పద్మలత, తనలో తాను అనుకుంటున్నట్టు అంది:

"ఆయన సినిమాల పోయినోళ్లు తిరిగొస్తరక్కా. బావిల పడ్డా సరే, ఎన్నేండ్లకైనా వస్తరు. తలుపాయన సినిమాల తలుపు తెరుసుకుంటది గని, ఎవ్వలు రారు."

సావిత్రి దగ్గర ఉన్నది ఒక్కటే సంగతి. వరంగల్లో పోస్టరు చూసినప్పటి నుంచి ఎవరికి చెప్పాలో తెలియక లోపలే పెట్టుకున్నది. కేసముద్రం మార్కెట్ రేకుల కప్పులు కనిపిస్తుండగా చెప్పింది.

"తలుపాయనది కొత్తది వస్తాంది, పద్మా. ముసలోడు మళ్ల తీసిండు. శుక్రారం విడుదల. మంగళారం దాక ఆడకపోదు." కొంచెం ఆగింది. "నేను గుడికాడ ఉంట. వస్తవా?"

పద్మలత ఫోన్ సంచిలో వేసుకుంది. సీసా వేసుకుంది. కొంగు దోపుకుని లేచింది. బండి ఆగింది. జనం తలుపు దగ్గర తోసుకుంటున్నారు, ఆమె వాళ్ల మధ్యలోంచి దిగిపోయింది. వస్తాననలేదు, రాననలేదు. పోయొస్తనని కూడా అనలేదు.

"గిదేం మనిషి," అంది మొగిలమ్మ, "ఒక్క మాటన్న చెప్పకపాయె." అంటూనే ఆమె చూపు కిటికీ మీద పడింది. ఊచల పక్కన స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఇందాక అది సావిత్రి ఒళ్లో ఉండింది. పద్మలత ఎప్పుడు తీసిందో, ఎప్పుడు పెట్టిందో. "అయ్యో, గ్లాసు మరిసిపాయె. పిలువు బిడ్డా, ఇంక కండ్ల ముందటనే ఉన్నది."

సావిత్రి ముసలావిడ మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది. వెనకున్న వాళ్లు పిలవకూడదు.

ప్లాట్‌ఫారం మీద పద్మలత మూటల మనుషులను తప్పుకుంటూ, సంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ, బయటి దారి వైపు నడిచిపోతోంది. తిరిగి చూడలేదు.